కివి: చలిని కోరే తీగ, ఓర్పును కోరే పండు

వానాకాలం ముగిసి డెంగ్యూ జ్వరాలు ముమ్మరించే రోజుల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం పండ్ల బజార్లలో ఒక పండు ధర ఉన్నట్టుండి పెరుగుతుంది. గోధుమ రంగు నూగుతో, కోడిగుడ్డంత పరిమాణంలో ఉండే ఆ పండు కివి. మిగిలిన పండ్లను కిలోల లెక్కన తూచి ఇచ్చే వ్యాపారి దీనిని తరచుగా కాయల లెక్కన, లేదా మూడేసి కాయల పెట్టెల లెక్కన అమ్ముతాడు. ప్లేట్‌లెట్లు పెరుగుతాయన్న నమ్మకంతో రోగి బంధువులు బేరమాడకుండా కొనుక్కుని వెళ్తారు. పండు మంచిదే. అయితే అది డెంగ్యూకు మందు కాదు. ఆ జ్వరంలో రోగికి ముఖ్యంగా కావలసినవి ద్రవాహారం, విశ్రాంతి, వైద్యుని పర్యవేక్షణ. విటమిన్-సి కోసమే అయితే వంద గ్రాముల ఆకుపచ్చ కివిలో సుమారు 90 మిల్లీగ్రాములు ఉండగా, అంతే బరువున్న జామకాయలో అందుకు రెట్టింపు కంటే ఎక్కువే ఉంటుంది. పెరటి జామచెట్టు ఈ విషయంలో ఎవరికీ తీసిపోదు.

నమ్మకాల సంగతి ఎలా ఉన్నా, కివి గురించి తెలుసుకోదగినది వేరే ఉంది. భారతదేశపు కొండ రాష్ట్రాల్లో వేలాది కుటుంబాలు నేడు ఈ తీగపై ఆశ పెట్టుకున్నాయి. ఆ ఆశ ఫలించడం, ఫలించకపోవడం చాలావరకు ఒకే అంశంపై ఆధారపడి ఉంది. అది కాలం. తీగకు కావలసినంత కాలం చలి, పూతకు సరిపడే కాలంలో పుప్పొడి, కాయ ముదరడానికి కావలసిన వ్యవధి. వీటిలో ఏ ఒక్కచోట తొందరపడినా పండు పుల్లగా, ముడతలు పడి, కొన్నవాడిని నిరాశపరుస్తుంది.

కోతుల పండు, గూస్‌బెర్రీ, కివి

కివి పేరు వినగానే న్యూజిలాండ్ గుర్తుకు రావడం సహజం. కానీ ఈ తీగ జన్మస్థానం చైనా. యాంగ్‌సీ నదీ పరీవాహక ప్రాంతంలోని కొండ అడవులలో ఇది పెద్ద చెట్లను అల్లుకొని పెరుగుతుంది. వృక్షశాస్త్రంలో ఆక్టినీడియా అని పిలిచే ఈ ప్రజాతిలో యాభైకి పైగా జాతులున్నాయి. వాటిలో అత్యధికం చైనావే. నూగు కలిగిన ఆకుపచ్చ కివి ఆక్టినీడియా డెలిషియోసా. నునుపైన తొక్క, పసుపు గుజ్జు కలిగినది ఆక్టినీడియా చైనెన్సిస్. ద్రాక్షపండంత ఉండి తొక్కతో సహా తినదగిన ఆక్టినీడియా ఆర్గ్యూటా చైనా, కొరియా, జపాన్, రష్యా దూర ప్రాచ్య ప్రాంతాల్లో కనిపిస్తుంది. మన తూర్పు హిమాలయ అడవులలో కూడా దీని దాయాదులు ఒకటి రెండు సహజంగా పెరుగుతున్నాయి.

చైనీయులు దీనిని ‘మీహౌ తావ్’ అంటారు. కోతులు ఇష్టపడే పీచ్ పండు అని ఆ మాటకు అర్థం. పదహారవ శతాబ్దపు వైద్యుడు లీ షిజెన్ తన ఔషధ గ్రంథంలో ఈ పేరుకు కారణం వివరించాడు. విచిత్రమేమంటే, హిమాచల్ ప్రదేశ్ రైతులు ఈ తీగను ఎంచుకోవడానికి చెప్పే కారణాలలో ఒకటి, తొక్కపై నూగు ఉండటం వల్ల కోతులు దీని జోలికి అంతగా రావన్నది. రెండు దేశాల కోతుల అభిరుచులు వేరో, పేరు పెట్టినవారు చూసిన కాయలు వేరో చెప్పడం కష్టం.

1904లో న్యూజిలాండ్‌లోని వాంగనూయి బాలికల కళాశాల ప్రధానాచార్యురాలు ఇసబెల్ ఫ్రేజర్, చైనాలోని యీచాంగ్ పట్టణంలో క్రైస్తవ మిషన్‌లో పనిచేస్తున్న సోదరిని చూడటానికి వెళ్లి, తిరిగి వస్తూ కొన్ని గింజలు తెచ్చారు. ఆ గింజల నుంచి పెరిగిన తీగలు 1910 ప్రాంతంలో కాపుకు వచ్చాయి. ఆక్లాండ్‌కు చెందిన నర్సరీ యజమాని హేవార్డ్ రైట్ 1920లలో ఎంపిక చేసిన రకం ఆ సంతతిదే. పెద్ద కాయ, ఎక్కువ కాలం నిల్వ ఉండే గుణం కారణంగా ‘హేవార్డ్’ రకం ప్రపంచమంతటా వ్యాపించింది. నేడు వివిధ దేశాల బజార్లలో కనిపించే ఆకుపచ్చ కివిలో అధిక భాగం ఆ గుప్పెడు గింజల వారసత్వమే.

అప్పట్లో దీని పేరు చైనీస్ గూస్‌బెర్రీ. 1959లో అమెరికాకు ఎగుమతి చేస్తున్న ఆక్లాండ్ సంస్థ టర్నర్స్ అండ్ గ్రోయర్స్, విపణికి అనువైన పేరు కోసం వెతికి, తమ దేశపు ఎగరలేని గోధుమ రంగు పక్షి పేరును పండుకు పెట్టింది. నేడు ఉత్పత్తిలో మొదటి స్థానం మళ్లీ చైనాదే.

లాల్‌బాగ్ నుంచి ఫాగ్లీకి

భారతదేశంలో కివిని మొదట నాటినది బెంగళూరు లాల్‌బాగ్ ఉద్యానంలో, 1960లో. తీగ పెరిగింది, ఆకులు తొడిగింది, కానీ కాయలేదు. కారణం చలి లేకపోవడం. 1963లో ఏడు రకాల మొక్కలను తెప్పించి, శిమ్లా వద్ద ఉన్న ఫాగ్లీలో నాటారు. నేడు అక్కడ జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. 1969లో ఆ తీగలు కాపుకు వచ్చాయి. ఆ తరువాత సోలన్ జిల్లా నౌణీలోని డాక్టర్ యశ్వంత్ సింగ్ పర్మార్ ఉద్యాన, అటవీ విశ్వవిద్యాలయం సాగు పద్ధతులను రూపొందించి రైతులకు అందించింది. హిమాచల్‌లో కులు, మండీ, సోలన్, సిర్మౌర్, శిమ్లా జిల్లాలకు సాగు విస్తరించింది. ఉత్తరాఖండ్, సిక్కిం, మేఘాలయ, నాగాలాండ్, మణిపూర్‌లలోనూ తోటలు వెలిశాయి. అయితే దేశంలో అన్నిటికంటే ఎక్కువ కివి పండిస్తున్నది అరుణాచల్ ప్రదేశ్. పొరుగున నేపాల్, భూటాన్ కొండల్లోనూ దీనిని సాగు చేస్తున్నారు.

చలి అంటే కేవలం వణికించే చలి అని కాదు. ఆకు రాల్చి నిద్రించే తీగ తిరిగి మేల్కొని పూత పూయాలంటే, శీతకాలంలో ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉండే గంటలు మొత్తం మీద సుమారు 600 నుంచి 800 వరకు సమకూడాలి. ఉద్యాన శాస్త్రవేత్తలు వీటిని చలిగంటలు అంటారు. హేవార్డ్ రకానికి ఈ అవసరం మరికాస్త ఎక్కువ. హిమాలయ పాదాలలో 900 నుంచి 1,800 మీటర్ల ఎత్తు గల కొండవాలులు ఇందుకు అనువైనవి. చలి కోరే ఈ తీగకు వసంతంలో చిగురించాక కురిసే మంచు మాత్రం గిట్టదు. లేత చిగుళ్లు ఒక్క రాత్రిలో మాడిపోతాయి. వేసవిలో 35 డిగ్రీలు దాటి, గాలిలో తేమ తగ్గితే ఆకుల అంచులు, కాయలు ఎండకు కమిలిపోతాయి.

పోతు తీగ లేని తోట

తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు వేరువేరుగా ఉంటాయని తెలుగు పల్లెల్లో అందరికీ తెలుసు. ఆకాకర తీగ కూడా అటువంటిదే. కివి కూడా ఆ కోవకు చెందినదే: మగపూలు ఒక తీగకు, ఆడపూలు మరొక తీగకు పూస్తాయి. ఆడపూవులోనూ కేసరాలు, పుప్పొడి కనిపిస్తాయి గాని ఆ పుప్పొడికి జీవం ఉండదు. దీనితో కొత్త రైతు సులభంగా మోసపోతాడు. గింజ నుంచి మొలిచిన మొక్క ఆడదో మగదో, అది మొదటిసారి పూత పూసేంతవరకు, అంటే ఐదారేళ్ల వరకు, తెలియదు. అందువల్ల గుర్తించిన రకాల నుంచి కట్టిన అంట్లు, లేదా వేళ్లు తొడిగించిన కొమ్మ ముక్కలు మాత్రమే నాటాలి. ఆడ రకాలలో హేవార్డ్, అలిసన్, ఆబట్, బ్రూనో, మాంటీ ప్రసిద్ధమైనవి. మగ రకాలలో తొమూరి ఎక్కువగా వాడుకలో ఉంది.

సాధారణంగా ఎనిమిది ఆడతీగలకు ఒక మగతీగ అవసరం. ప్రతి మూడవ వరుసలో ప్రతి మూడవ మొక్క మగది అయ్యేలా నాటితే ప్రతి ఆడతీగకూ పక్కనే ఒక మగతీగ ఉంటుంది. రెండూ ఒకే సమయంలో పూయాలి. హేవార్డ్ ఆలస్యంగా పూస్తుంది గనుక, ముందే పూత ముగించే మగ రకం దానికి ఉపయోగపడదు. కివి పూవులో తేనె ఉండదు. తేనెటీగలు పుప్పొడి కోసం మాత్రమే వస్తాయి. పక్కన ఆవాలో, మరే పూలతోటో ఉంటే ఇటు తొంగి కూడా చూడవు. అందుకే పూత సమయంలో హెక్టారుకు ఎనిమిది తొమ్మిది తేనెటీగల పెట్టెలు ఉంచుతారు. చిన్న తోటలలో రైతులే ఒక మగపూవును కోసి, ఐదారు ఆడపూల కీలాగ్రాలకు మెల్లగా రుద్దుతారు. ఇది ఓపికతో కూడిన పని, కానీ ఫలితం కంటికి కనిపిస్తుంది. మంచి పరిమాణం గల కాయలో వెయ్యికి పైగా నల్లని గింజలుంటాయి. గింజలు తక్కువైతే కాయ చిన్నదవుతుంది, వంకరపోతుంది.

శీతకాలంలో తీగ నిద్రావస్థలో ఉన్నప్పుడు మొక్కలు నాటుతారు. నీరు నిలవని, సేంద్రియ పదార్థం సమృద్ధిగా ఉన్న, కొద్దిగా ఆమ్లగుణం గల లోతైన నేల కావాలి. నీరు నిలిస్తే వేరుకుళ్లు తగులుతుంది, నీరు చాలకపోతే పెద్ద ఆకులు తొందరగా వాడిపోతాయి. ద్రాక్షకు వేసినట్టే దీనికీ పందిరి వేయాలి. మనిషి ఎత్తు స్తంభాలపై అడ్డకర్ర బిగించి, దానిపై తీగలు లాగిన ‘టీ’ ఆకారపు పందిరి కొండవాలులకు అనుకూలం. వరుసల మధ్య నాలుగు మీటర్లు, మొక్కల మధ్య ఐదారు మీటర్లు వదలాలి. పందిరి ఖర్చు మొక్కల ఖర్చును మించిపోతుంది. ఆదాయం ఏమీ లేని తొలి సంవత్సరాలలోనే ఈ ఖర్చు భరించాలి గనుక, చిన్న రైతుకు రాయితీ లేనిదే ఇది తలకు మించిన భారం. తీగ నాలుగైదేళ్లకు కాపు మొదలుపెట్టి, ఏడెనిమిదేళ్లకు పూర్తి దిగుబడికి చేరుతుంది. బాగా పెరిగిన తీగ 50 నుంచి 100 కిలోల వరకు కాస్తుంది.

కత్తిరింపులు చేయని కివి తీగ అడవి అవుతుంది. గత ఏడాది పెరిగిన కొమ్మ నుంచి ఈ ఏడాది వచ్చే చిగురు మీదనే పూత వస్తుంది గనుక, పాతబడిన కొమ్మలను తీసివేస్తూ కొత్తవాటికి చోటివ్వాలి. ఈ పని జనవరిలోగా ముగించాలి. ఆలస్యమై రసం పైకి ఎక్కాక కోస్తే, కోసినచోట రోజుల తరబడి నీరు కారుతుంది. వేసవిలో మరొకసారి తేలికగా కత్తిరించి వెలుతురు లోపలికి పడేలా చేయాలి. లేత మొక్కలకు పిల్లుల బెడద ఉంటుందంటే నమ్మశక్యం కాదు గాని అది నిజం. ఈ తీగ వాసన వాటిని మత్తెక్కిస్తుంది. నర్సరీలలో మొక్కల చుట్టూ వలకంచె కట్టడం ఇందుకే.

కోత తేదీలో ఉన్న కీలకం

మామిడి పండితే రంగు మారుతుంది, వాసన వస్తుంది. కివి అలా కాదు. కోతకు వచ్చిన కాయ, నెల ముందటి కాయ పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండూ రాయిలా గట్టిగా, గోధుమ రంగులోనే ఉంటాయి. తేడా లోపల ఉంటుంది. చెట్టు మీద ఉన్న చివరి వారాలలో కాయ పిండిపదార్థాన్ని నింపుకొని, దానిని నెమ్మదిగా చక్కెరగా మార్చడం మొదలుపెడుతుంది. కాయ రసంలో కరిగి ఉన్న ఘనపదార్థాలు 6.2 శాతానికి చేరితేనే కోయాలన్నది న్యూజిలాండ్‌లో స్థిరపడి, ప్రపంచమంతా అనుసరిస్తున్న ప్రమాణం. రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరంపై రెండు చుక్కల రసం వేసి దీనిని కొలవవచ్చు. ఆ స్థాయిలో కోసిన కాయ, మాగిన తరువాత 12 నుంచి 14 శాతం వరకు తీపిని అందుకుంటుంది. అంతకు ముందే కోసిన కాయ ఎన్నాళ్లు మాగబెట్టినా మెత్తబడుతుందే తప్ప తీయబడదు. తొక్క ముడతలు పడి, నాలుకపై పులుపు మాత్రమే మిగులుతుంది.

మన కొండల్లో కోత అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు వరకు సాగుతుంది. అయితే పండుగల సీజన్‌లో ధర బాగుంటుందని, దొంగల భయమని, మంచు పడితే దారులు మూసుకుపోతాయని, వ్యాపారి ముందుగానే బయానా ఇచ్చాడని, కాయలను నిర్ణీత సమయానికి ముందే కోయడం తరచుగా జరుగుతోంది. ఒక రైతు తొందర నష్టం అతనితో ఆగదు. ఆ కాయ రుచి చూసిన నగరవాసి, దేశీయ కివి అంటే పులుపేనని నిశ్చయించుకుని, తరువాతి సారి విదేశీ చీటీ అంటించిన కాయకు రెట్టింపు ధర చెల్లిస్తాడు. నిజానికి రెండు కాయల రకం ఒక్కటే, హేవార్డ్. తేడా కోసిన రోజులో ఉంది.

దక్షిణార్ధగోళంలోని న్యూజిలాండ్, చిలీలలో కోత మార్చి నుంచి మే వరకు జరుగుతుంది. మన పంట చేతికి వచ్చేది ఆ సరుకు తగ్గే వేళకు. ఈ ఖాళీని వినియోగించుకునే అవకాశం భారత రైతుకు ఉంది. కానీ ఇటలీ, గ్రీస్, ఇరాన్ పంటలు కూడా మన పంటతో పాటే వస్తాయి. ముఖ్యంగా ఇరాన్ నుంచి చవకగా వచ్చే కాయ దేశీయ ధరలను కుంగదీస్తోందని పెంపకందారులు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. సరుకులో కీటకాలు కనిపించడంతో 2021 డిసెంబరులో భారత్ ఆ దిగుమతులను అప్పట్లో నిలిపివేసింది.

నిల్వ కూడా కాలంతో ముడిపడిన విషయమే. సున్నా డిగ్రీల వద్ద, తగిన తేమతో ఉంచితే హేవార్డ్ నాలుగు నుంచి ఆరు నెలల వరకు చెడదు. అయితే ఆపిల్ నిల్వ చేసిన గదిలోనే కివిని పెడితే ఈ లెక్క తప్పుతుంది. ఆపిల్ విడుదల చేసే ఇథిలీన్ వాయువు అతి స్వల్పంగా ఉన్నా కివి కొద్దిరోజులలోనే మెత్తబడిపోతుంది. ఆపిల్ గిడ్డంగులే ఎక్కువగా ఉన్న హిమాచల్‌లో ఇది చిన్న సమస్య కాదు.

అరుణాచల్‌లో సమస్య మరొక రూపంలో ఉంది. లోయర్ సుబన్‌సిరి జిల్లాలోని జీరో లోయ, వరిమడిలోనే చేపలు పెంచే అపతానీ ప్రజల నేర్పుకు పేరుపొందింది. అక్కడి కివికి 2020లో సేంద్రియ ధ్రువీకరణ లభించింది. ఈశాన్య రాష్ట్రాల కోసం కేంద్రం అమలు చేస్తున్న సేంద్రియ సాగు పథకం కింద దక్కిన ఈ గుర్తింపు దేశంలో కివికి మొదటిది. కాయ నాణ్యమైనదే, దూరమే శత్రువు. ఘాట్ రోడ్ల మీదుగా పెద్ద విపణికి చేరేసరికి ఖర్చు పెరుగుతుంది, కాయ నలుగుతుంది. కొనేవారు లేక పండ్లు తోటల్లోనే మిగిలిపోతున్న పరిస్థితిని చూసి, వ్యవసాయ ఇంజినీరు తాగే రీతా తాఖే 2017లో జీరోలో కివితో వైన్ తయారీ ప్రారంభించారు. చిన్నవీ, వంకరవీ అయి బజారుకు పనికిరాని కాయలకు దీనితో విలువ వచ్చింది. 2022 మార్చి 8న ఆమె రాష్ట్రపతి చేతుల మీదుగా నారీ శక్తి పురస్కారం అందుకున్నారు.

తెలుగు నేలపై నాటవచ్చునా

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నర్సరీలలో ఇటీవల కివి మొక్కలు అమ్మకానికి కనిపిస్తున్నాయి. కుండీలో నాటితే మూడేళ్లకు కాస్తుందన్న హామీ కూడా వినిపిస్తుంది. లాల్‌బాగ్ అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. తెలుగు నగరాలన్నిటి కంటే చల్లనిదైన బెంగళూరులోనే ఆ తీగ కాయలేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో చలికాలపు వేకువన ఉష్ణోగ్రత సున్నాకు చేరువ కావచ్చు. కానీ ఎండెక్కేసరికి వాతావరణం వేడెక్కుతుంది. తీగకు కావలసినది కొన్ని తెల్లవారుజాముల చలి కాదు, వారాల తరబడి కొనసాగే చలి. తక్కువ చలితో కాసే రకాలు విదేశాల్లో ఉన్నా, వాటిని మన కొండల్లో పరీక్షించి చూసేంతవరకు ఎకరాల కొద్దీ పెట్టుబడి పెట్టడం సాహసమే అవుతుంది. పందిరి మీద పచ్చని ఆకుల అందం కోసమే అయితే ఎవరికీ అభ్యంతరం లేదు.

వంటింట్లో

కొన్న కాయ గట్టిగా ఉంటే దానిని అరటిపండుతోనో ఆపిల్‌తోనో కలిపి కాగితపు సంచిలో ఉంచాలి. నాలుగైదు రోజులలో మాగుతుంది. బొటనవేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి. అప్పుడే తినాలి, లేదా ఫ్రిజ్‌లోకి మార్చాలి. తొక్క తీయనవసరం లేకుండా అడ్డంగా కోసి చెంచాతో తినవచ్చు.

పచ్చి కివిలో ఆక్టినిడిన్ అనే ఎంజైము ఉంటుంది. ఇది మాంసకృత్తులను విడగొడుతుంది. అందుకే పాలలోనో పెరుగులోనో కివి కలిపి ఉంచితే కాసేపటికి చేదెక్కుతుంది. జెలటిన్‌తో చేసే జెల్లీ గట్టిపడదు. ముక్కలను కొద్దిగా ఉడికిస్తే ఎంజైము పనిచేయడం మానేస్తుంది, ఆ తరువాత పాలతో కలిపినా ఇబ్బంది ఉండదు. ఇదే గుణం మాంసం వండేవారికి మేలు చేస్తుంది. పచ్చి బొప్పాయి ముక్క బదులు కివి గుజ్జు పట్టిస్తే ముదురు మాంసం త్వరగా మెత్తబడుతుంది. అయితే అరగంట మించి ఉంచరాదు, ముక్క పిండిలా అయిపోతుంది. జామ్, స్క్వాష్, ఎండుముక్కలు హిమాచల్‌లో కుటీర పరిశ్రమలుగా సాగుతున్నాయి. మాగని కాయ పులుపు మామిడికాయకు దగ్గరగా ఉంటుంది గనుక, మామిడి దొరకని దేశాల్లో దానితో పచ్చడి నూరుకునే తెలుగువారూ ఉన్నారు. పోపులో ఆవాలు, ఎండుమిరప, ఇంగువ పడితే కొత్తదనం అంతగా తెలియదు.

రోజుకు రెండు పండ్లు తింటే మలబద్ధకం తగ్గుతుందని పరిశోధనలలో తేలింది. పొటాషియం అధికంగా ఉండటం వల్ల మూత్రపిండాల వ్యాధిగ్రస్తులు వైద్యుని అడిగి తినాలి. రబ్బరు చేతితొడుగులు పడనివారికి కివి కూడా పడకపోయే అవకాశం ఉంది. తిన్న వెంటనే నోరు, గొంతు దురదపెడితే అది పులుపు వల్ల అనుకోకుండా అంతటితో ఆపివేయాలి. పెదవులు వాచినా, ఊపిరి కష్టమైనా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. చిన్నపిల్లలకు మొదటిసారి పెట్టేటప్పుడు ఒక చిన్న ముక్కతో మొదలుపెట్టి, ఆ రోజంతా గమనించడం మంచిది.